రుద్దుడా, అద్దుడా? కారు టాపు గుడ్డ మీది డాగుల ముచ్చట

మిర్యాలగూడ, అడిగినవారు:
పాత కార్లు లోపల సాఫ్ చేసే షెడ్డు గోడకు అతికిచ్చేటందుకు తెలుగుల ఒక కాయితం రాస్తున్న. టాపుకు లోపలి దిక్కు అంటిచ్చిన గుడ్డ మీది మరకలు ఎట్ల తియ్యాల్నో అండ్ల ఉండాలె. రెండు మాటల కాడ ఆగిపోయిన. ఆ గుడ్డను ఏమనాలె? పనోళ్లల్ల కొందరు రూఫ్ లైనింగ్ అంటరు, కొందరు సీలింగ్ అంటరు. ఇంకోటి, తడి బట్టను మరక మీద పెట్టి మెల్లగ ఒత్తి తీసే పనికి "తుడవాలి" అని రాస్తే సరిపోతదా?

మహబూబ్‌నగర్, సీటు కవర్ల పని:
"తుడవాలి" అని రాయకుండ్రి అన్నా. తుడువుమంటే ఎవలైనా చెయ్యి అటిటు గుంజుతరు. "రుద్దాలి" అంటే ఇంకా పాడు. అది ఉత్త గుడ్డ కాదు. పైన గట్టి అట్ట, దానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల స్పాంజి, స్పాంజికి అంటిన పల్సటి అల్లిక గుడ్డ. పదిహేనేండ్ల బండిల ఆ స్పాంజి సగం పాణం పోయి ఉంటది. ఎండకాలం బయట 44 డిగ్రీలుంటే, అద్దాలు మూసిన బండిల టాపు కింద ఇంకా ఎక్కువే ఉంటది. గసొంటి గుడ్డను రుద్దితే నూగు లేస్తది, లోపల స్పాంజి తెగి గుడ్డ అట్టను ఇడుస్తది. మరక మాత్రం పోదు, వెడల్పయితది. "అద్దాలె" అని రాయుండ్రి. నీళ్లు టాపు మీద పిచికారి కొట్టొద్దు, బట్ట మీద కొట్టాలె. స్పాంజి నానిందంటే జిగురు ఇడిశి గుడ్డ నెత్తికి తగుల్తది.

నల్లగొండ, తెలుగు చెప్పేవారు:
"అద్దు" మంచి మాటే, కానీ ఒక చిక్కుంది. పుండుకు మందు అద్దుతాం, గుడ్డకు రంగు అద్దుతాం. రంగుల అద్దకం అనే మాట అట్లా వచ్చిందే. అక్కడ అద్దడమంటే ఇవ్వడం. మరక తీయడమంటేనేమో తీసుకోవడం. "మరకను అద్దండి" అని రాస్తే చదివినవాడు తడబడతాడు. దీనికి దారి మన భాషలోనే ఉంది, "కొను" చేరిస్తే చాలు. జామకాయ ముక్కకు ఉప్పుకారం అద్దుకుంటాం. ప్రసాదం కళ్లకద్దుకుంటాం, ఎవరూ కళ్లకు రుద్దుకోరు. కాబట్టి రెండు వాక్యాలు రాయండి: తడి గుడ్డతో అద్దాలి, ఆ వెంటనే పొడి గుడ్డకు అద్దుకోవాలి.

మహబూబ్‌నగర్, సీటు కవర్ల పని:
సార్, పని కూడ అచ్చం గట్లనే నడుస్తది. ముందుగాల మెత్తటి కుచ్చు పెట్టిన వ్యాక్యూమ్‌తోని దుమ్ము గుంజాలె. దుమ్ముండంగ తడి తగిల్తే బురదయితది. అర లీటరు గోరువెచ్చటి నీళ్లల్ల ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల షాంపూ ఏశి గిలకొట్టాలె. కింది నీళ్లు కాదు, పైన తేలిన నురుగు మటుకే తెల్ల మైక్రోఫైబర్ బట్టకు తీసుకోవాలె. రంగు బట్ట ఒద్దు, దాని రంగే టాపుకు అంటుతది. ముందటి అద్దం కాడ ఎండ ఆపే మడత పలక (సన్ వైజర్) ఎనకాల, కనపడని జాగల ఒకపారి అద్ది చూసినంకనే మరక మీదికి పోవాలె. నాలుగైదు సార్లు అద్దుడు, పొడి బట్టకు అద్దుకునుడు, బట్ట మడత మార్చుడు. మార్చకుంటే తీసిన మురికిని మల్ల టాపుకే పెడ్తం. ఆఖరుకు ఉత్త నీళ్లల్ల పిండిన బట్టతోని అద్ది సబ్బు తియ్యాలె. సబ్బు మిగిల్తే జిగటకు నెల తిరక్కముందే దుమ్ము పట్టి అదే జాగ నల్లగయితది.

దేవరకొండ, టైలరింగ్:
గుడ్డ పేరుకు నా మాట "అస్తర్". కోటుకు, షేర్వానీకి లోపల ఏసే గుడ్డను టైలర్లు అనేది గదే. ఫారసీకెల్లి వచ్చిన మాట, తెలుగు నిఘంటువులల్ల "అస్తరు" అని ఉంటది. పాత అంబాసిడర్ల టాపుకు తీగల మీద గుంజి కట్టిన రెక్సిన్ ఉండేది, అది అచ్చంగ అస్తరే. తర్వాతి బండ్లల్ల అట్టకు అంటిస్తున్నరు గని, లోపలి గుడ్డ లోపలి గుడ్డనే. ఒకపారి "టాపు అస్తర్, అంటే రూఫ్ లైనింగ్" అని రాస్తే పనోళ్లకు, బండోళ్లకు ఇద్దరికీ ఎరుకైతది. రెక్సిన్‌కు తడి భయం తక్కువ, దాన్నైతే తుడవొచ్చు. ఆ తేడా కూడ కాయితంల పెట్టుండ్రి.

సూర్యాపేట, కారు మెకానిక్:
"మరక" అని ఒక్క మాటతోని ఒడిసిపోదు. నీళ్ల డాగు వేరు, జిడ్డు వేరు, బూజు వేరు, దేని మందు దానికే.

నీళ్ల డాగు ఎర్రమట్టి రంగు అంచుతోని పటం తీరు కనపడ్తది. నీళ్లు అట్టల, స్పాంజిల ఉన్న మురికిని మోసుకొచ్చి, ఆరేటప్పుడు అంచుకు ఇడిశిపెట్టి పోతయి, అందుకే నడుమ తెల్లగ, అంచు ముదురుగ ఉంటది. ముందు నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో పట్టాలె: ముందటి అద్దం రబ్బరు, యాంటెనా మొదలు, సామాను క్యారియర్ బోల్టుల బొక్కలు, సన్‌రూఫ్ ఉంటే దాని నీటి గొట్టాలు. అది బంజేయకుండ డాగు తీస్తే పెద్ద వానకు మల్ల వస్తది. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగ కలిపి అద్దాలె. డాగు మీదనే అద్ది ఆపొద్దు, కొత్త అంచు పడ్తది. కుట్టు కాడికో, లైటు కాడికో ఆ భాగమంత పల్సగ అద్దుకుంట పోవాలె. రూమ్ లైటు తీగలకు తడి తగలనియ్యొద్దు.

నెత్తి నూనె జిడ్డు షాంపూకు పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే జిడ్డు కరిగిచ్చే స్పిరిట్, బట్ట కొసకు రొండు చుక్కలు. ఎక్కువైతే జిగురు కరుగుతది. బూజుకు 70 శాతం ఆల్కహాల్, మూతికి మాస్కు, తలుపులన్ని తెరిశి.

పసుపుతోని జాగర్త. యాదగిరిగుట్టల బండి పూజ చేయించినంక అదే చేతితోని టాపు పట్టుకుంటే పచ్చ ఏలిముద్రలు పడ్తయి. దాని మీద సబ్బు బిళ్ల పెడ్తే ఎర్రగయితది, పసుపుల సున్నం కలిపితే కుంకుమైనట్లే. భయపడి ఇంకింత సబ్బు పెట్టొద్దు. వెనిగర్ నీళ్లు అద్దితే మల్ల పచ్చకు తిరుగుతది, అప్పుడు మెల్లగ తియ్యొచ్చు.

మిర్యాలగూడ, అడిగినవారు:
అంత చేసినంక తెల్లటి చారలు పడ్తున్నయని ఒకాయన చెప్పిండు. అది ఏ డాగు?

నల్లగొండ, తెలుగు చెప్పేవారు:
అది డాగు కాదు, చౌడు తీరు మిగిలే ఉప్పు. మన జిల్లా పేరు చెప్పగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు, కానీ చార పడేది కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టి నీళ్లకు. బోరు నీళ్లు కలపొద్దని రాయండి. ఆర్వో నీళ్లు, లేదంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్.

మహబూబ్‌నగర్, సీటు కవర్ల పని:
ఆరబెట్టుడు కూడ రాయుండ్రి. నీడల, అద్దాలు దించి, ఫ్యాను గాలి. ఎండల మూశిపెట్టొద్దు, ఆవిరి పట్టిచ్చొద్దు.

ఇంకొక మాట సార్. టాపు గుడ్డ అట్టను ఇడిస్తే "జారింది" అంటరు, "ఉబ్బింది" అంటరు, రెండూ రాయాల్నా?

నల్లగొండ, తెలుగు చెప్పేవారు:
పనిలో తేడా ఉంటే రెండూ రాయాలి. ఉందా?

మహబూబ్‌నగర్, సీటు కవర్ల పని:
ఉన్నది. అంచు కాడ ఒక్క జాగనే ఇడిస్తే ఉబ్బుడు, లోపల స్పాంజి బాగుంటే జిగురు పెట్టి ఆపొచ్చు. నడిమిట్ల సంచి తీరు దిగితే జారుడు. అప్పుడు డాగు గురించి ఆలోచన అక్కర లేదు. ఏలితోని మెల్లగ ఒత్తుండ్రి, పసుపుపచ్చ పొడి రాల్తే స్పాంజి పిండి అయిపోయినట్లు. పిండికి జిగురు పట్టది. అట్ట బయటికి తీసి, స్పాంజి మొత్తం గీకి, స్పాంజి అంటిన కొత్త గుడ్డ ఎయ్యాలె. చిన్న కారుకు రొండు మీటర్లు కొనాలె. వేడికి ఆగే జిగురు అట్టకు, గుడ్డకు రెంటికీ పూసి, చేతికి అంటనంత ఆరినంక నడిమిట్ల నుంచి అంచుకు అరచేతితోని అద్దుకుంట పోవాలె. ఆడ కూడ రుద్దుడు లేదు.