హార్మోన్ వేయకుండానే నా రిసెప్టర్ ఆన్ అవుతోంది, ఎక్కడ తప్పు?

ప్రశ్న (గురువారం_మీటింగ్):
పీహెచ్‌డీ రెండో ఏడాది. మూడు ముక్కలు కలిపి ఒక రిసెప్టర్ కట్టాను: డీఎన్‌ఏను పట్టుకోవడానికి ఈస్ట్ నుంచి గాల్4 భాగం, మధ్యలో మనిషి ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌లో హార్మోన్ అతుక్కునే భాగం, చివర జీన్‌ను ఆన్ చేసే వీపీ16. హెచ్‌ఈకే293 అనే మనిషి కణాల్లో, జీన్ ఆన్ అయితే వెలుగిచ్చే లూసిఫెరేజ్ రిపోర్టర్‌తో పెట్టాను. 100 నానోమోలార్ ఎస్ట్రడయోల్ (ఒక ఈస్ట్రోజెన్ హార్మోన్) వేస్తే వెలుగుతోంది, సంతోషమే. కానీ హార్మోన్ లేకుండా, దాన్ని కరిగించే ఒట్టి ఇథనాల్ వేసిన వెల్స్ (ప్లేట్‌లోని గుంటలు) కూడా వెలుగుతున్నాయి! తేడా మూడు రెట్లు దాటడం లేదు. నాలుగుసార్లు చేశాను. ప్లాస్మిడ్ సీక్వెన్స్ చేయించాను, బాగానే ఉంది. గురువారం ల్యాబ్ మీటింగ్, ఒకటే టెన్షన్. హార్మోన్ వచ్చేదాకా రిసెప్టర్‌ను ఆపి ఉంచే హెచ్‌ఎస్‌పీ90 ప్రోటీన్ దీన్ని సరిగ్గా పట్టి ఉంచడం లేదా? ముక్కలను కలిపే లింకర్ పొడవు మార్చనా?

జవాబు (పాత_ఇంక్యుబేటర్):
ఇప్పుడే లింకర్ జోలికి వెళ్లకండి. రిపోర్టర్ ఒక్కటే పెట్టిన వెల్ ఎలా ఉంది? మీ మీడియం ఏ రంగు?

గురువారం_మీటింగ్:
రిపోర్టర్ ఒక్కటే అయితే చీకటే. మీడియం (కణాలు పెరిగే ద్రవం) మామూలు డీఎంఈఎం, ఎర్రగా ఉంటుంది, అందులో 10 శాతం ఎఫ్‌బీఎస్, అంటే దూడ పిండం సీరమ్. రంగుతో పనేమిటండీ?

పాత_ఇంక్యుబేటర్:
పనంతా దానితోనే. ఆ ఎరుపు ఫినాల్ రెడ్. అది ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1986లోనే ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో బయటపడింది. తర్వాత చూస్తే అసలు దోషం చాలావరకు ఆ రంగులో కలిసి వచ్చే మలినానిది. ఇక సీరమ్‌లో ఎస్ట్రడయోల్ ఎలాగూ ఉంటుంది. మీ రిసెప్టర్‌కు నానోమోలార్ కంటే తక్కువైనా చాలు. అంటే మీ ‘హార్మోన్ లేని’ వెల్‌లో హార్మోన్ ఉంది. రిసెప్టర్ తన పని తాను చేస్తోంది పాపం, మీరే దాన్ని తిడుతున్నారు.

ఫినాల్ రెడ్ లేని మీడియం, చార్‌కోల్‌తో శుద్ధి చేసిన సీరమ్ తీసుకోండి. ట్రాన్స్‌ఫెక్షన్‌కు (ప్లాస్మిడ్‌ను కణాల్లోకి ఎక్కించడానికి) రెండు మూడు రోజుల ముందే కణాలను అందులోకి మార్చండి. కణాలు కాస్త నీరసంగా పెరుగుతాయి, కంగారుపడకండి. చార్‌కోల్ ఈస్ట్రోజెన్‌తో ఆగదు, థైరాయిడ్ హార్మోన్లను కూడా లాగేస్తుంది.

జవాబు (క్రీ_కష్టాలు):
పై మాట నిజమే. కానీ ఈ స్విచ్‌ను రేపు ఎలుకలో పెడితే? దాని ఒంట్లోని ఈస్ట్రోజెన్‌ను చార్‌కోల్‌తో తీయలేరు కదా. అందుకే ఈఆర్‌టీ2 వచ్చింది, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌లో హార్మోన్ అతుక్కునే భాగానికే మార్చిన రూపం. జీ400వీ, ఎం543ఏ, ఎల్544ఏ అని మూడు అమైనో ఆమ్లాల మార్పులు చేస్తే, ఒంట్లోని ఎస్ట్రడయోల్‌కు దాదాపుగా పలకదు, టామోక్సిఫెన్ మందుకు పనిచేసే రూపమైన 4-హైడ్రాక్సీటామోక్సిఫెన్‌కు పలుకుతుంది. మీ మధ్య ముక్కను దీంతో మార్చి చూడండి.

గురువారం_మీటింగ్:
టామోక్సిఫెన్ ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందు కదా, అది ఆన్ ఎలా చేస్తుంది?

క్రీ_కష్టాలు:
సహజ రిసెప్టర్‌లో జీన్‌ను ఆన్ చేసే పని హార్మోన్ అతుక్కునే భాగం కూడా కొంత చేస్తుంది, మందు దాన్ని చెడగొడుతుంది. మీ దాంట్లో ఆ పనికి వీపీ16 ఉంది. మందు హెచ్‌ఎస్‌పీ90 పట్టు విడిపిస్తే చాలు. ఒక్క జాగ్రత్త: డిష్‌లో మామూలు టామోక్సిఫెన్ వేయకండి. దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చేది కాలేయం, మీ డిష్‌లో కాలేయం లేదు. నేను మూడు వారాలు అలా పోగొట్టుకున్నాను. 4-హైడ్రాక్సీ రూపమే కొనండి, వెలుతురు తగలకుండా దాచండి.

గురువారం_మీటింగ్ (పది రోజుల తర్వాత):
ఎర్ర మీడియం మానేసి, శుద్ధి చేసిన సీరమ్ పెట్టాను. ఇథనాల్ వెల్స్ చీకటి! తేడా ఇప్పుడు ముప్పై రెట్లకు పైనే. మీటింగ్‌లో మాత్రం పాత గ్రాఫే చూపించాల్సి వచ్చింది. ఈఆర్‌టీ2 ముక్క నిన్ననే ఆర్డర్ పెట్టాను.