అందరూ ఒకవైపు, హీరో ఒక్కడూ ఒకవైపు: డిస్టోపియా కథల్లో ఈ గొడవ అరిగిపోయిందా?

మద్దిలపాలెం_కలం

ఐదు వేల పదాల డిస్టోపియా కథ (రేపటి లోకం నరకమైపోయినట్టు ఊహించే రకం) ఒకటి రాస్తున్నా. కాలం 2080, చోటు మన విశాఖ. సముద్రం బీచ్ రోడ్డు దాటేసింది, మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు అడుగంటింది. జనాన్ని బ్లాకులుగా విడగొట్టారు. బ్లాకుకి నలభై ఇళ్లు, అందరికీ కలిపి ఒకే నీటి కోటా. ఎవరు తప్పు చేసినా కోత బ్లాకు మొత్తానికి. హీరోకి ఈ గుంపు బతుకు పడదు. చివర్లో రాత్రిపూట పడవెక్కి ఒక్కడే వెళ్లిపోతాడు. చదివినవాళ్లంతా "బాగుంది గానీ ఎక్కడో చదివినట్టుంది" అంటున్నారు. వ్యక్తికీ సమూహానికీ మధ్య గొడవ అన్నదే పాతబడిందా, నా అల్లికలో లోపమా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాతపుస్తకాల_కొట్టు

విషయం పాతబడలేదండీ. దాన్ని మనం సినిమా పోస్టరంత చేసేశాం. రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920-21లో రాసిన ‘మేము’ నవల చూడండి. గాజు గోడల ఇళ్లు, పేర్లకు బదులు నంబర్లు, ముద్దకి యాభైసార్లు నమలాలన్న రూలు. అంతటి రాజ్యమూ రోజుకి రెండు గంటలు ఎవరి సొంతానికి వాళ్లకి వదిలేస్తుంది: సాయంత్రం 4 నుంచి 5, రాత్రి 9 నుంచి 10. కథ చెప్పే డి-503 ఆ రెండు గంటలు మాత్రం ఎందుకు, వాటినీ టైంటేబుల్లో కలిపేస్తే పోలా అనుకునే రకం. మొదటి పేజీలో అతను పరమ భక్తుడు. అక్కడి నుంచి జారతాడు కాబట్టే మనకు గుండె దడ. మీవాడు మొదటి పేరాలోనే విసుక్కుంటున్నాడు. ఇంక అతను మారడానికి చోటేది?

ఇంకో మాట. ఈ రాజ్యాలు సమూహాన్ని పెంచి పోషిస్తాయనుకుంటాం గానీ, పైకి అందరం ఒకటే అంటూ లోపల ఏ ఇద్దర్నీ ఒకటి కానివ్వవు. ఆర్వెల్ నవల ‘1984’లో పిల్లలే కన్నవాళ్ల మీద చాడీలు మోస్తారు. అందులో హీరో విన్‌స్టన్ దెబ్బలకి అన్నీ ఒప్పుకున్నా, ప్రేమించిన జూలియాని మాత్రం మనసులో వదులుకోడు. ఎలుకల బోను ముఖానికి దగ్గర పెట్టగానే ఆ శిక్షేదో జూలియాకి వేయమని అరుస్తాడు. అక్కడితో సరి, లోపలి మనిషి చచ్చిపోయాడు. ఫోర్‌స్టర్ 1909లోనే ‘ద మెషీన్ స్టాప్స్’ రాశాడు. భూమి లోపల ఒక్కొక్కరికీ ఒక్కో గది, బటన్ నొక్కితే అన్నీ వస్తాయి, ఒకరినొకరు తాకడం అనాగరికం. గుంపే లేదక్కడ, అయినా నరకమే. మీ బ్లాకులో నలభై ఇళ్లూ కలిసి బతుకుతున్నాయా, ఒకదానికొకటి కాపలా కాస్తున్నాయా? ముందు అది తేల్చుకోండి.

గోపాలపట్నం_లెక్కలు

నీటి కోటా మంచి యంత్రం. మీరు దాన్ని బిగించి, స్విచ్ వేయడం మరిచిపోయారు.

"తప్పు ఒకరిది, కోత అందరిదీ" అన్న ఏర్పాటు మనకు కొత్త కాదు. చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ గ్రూపులు నడిచింది అలాగే. ఐదారుగురు ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ, వారం వారం కిస్తీ, ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. వసూలుకి ఏజెంటు గొంతు చించుకోనక్కర్లేదు, పక్కింటామే వచ్చి గడపలో కూర్చుంటుంది. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ వసూళ్లని అదుపు చేయడానికి ఆర్డినెన్స్ తెచ్చేదాకా వెళ్లింది వ్యవహారం. మీ కథలో పోలీసులు, డ్రోన్లు నాలుగు చోట్ల కనబడుతున్నాయి అనుకుంటా. మూడు కొట్టేయండి. భయమంతా పక్కింటి చెప్పుల చప్పుడులో ఉండాలి.

ఇక అంకెలు. నలభై ఇళ్లు చిన్న కథకి మోయలేని బరువు, పాఠకుడికి ఆరేడు పేర్ల కంటే గుర్తుండవు. పన్నెండు ఇళ్లు చేయండి. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 40 లీటర్లు (ఇప్పుడు నగరాలకు లెక్కగట్టే ప్రమాణం 135). మొత్తం 1,920 లీటర్లు. అంటే మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు రెండు. ఐదు శాతం కోత పడితే 96 లీటర్లు పోతాయి, పదిహేను లీటర్ల బిందెలతో దాదాపు ఆరున్నర. అలా బిందెల్లో చెప్పండి, శాతాల్లో వద్దు. ఆ ఆరున్నర బిందెలు ఎవరింట్లో తగ్గించాలో పై అధికారి చెప్పకూడదు. బ్లాకువాళ్లే మెట్ల మీద కూర్చుని తేల్చుకోవాలి. బాలింత ఉన్న ఇల్లు, మంచాన పడ్డ ముసలాయన ఉన్న ఇల్లు, హీరో ఇల్లు. ఎవరూ దుర్మార్గులు కారు, అందరి లెక్కా కరెక్టే, చివరికి ఒకరి స్నానం ఆగిపోతుంది. మీ కథకి నడుము ఈ సీనే. పన్నెండు వందల పదాలు దీనికే ఇచ్చేయండి. 2080 ఎలా వచ్చిందో చెప్పే చరిత్ర రెండు వాక్యాల్లో కానివ్వండి.

ఈ వ్యవస్థ వల్ల హీరోకి జరిగిన ఒక మేలు కూడా చూపించండి. కోటా రాకముందు ట్యాంకర్ నీళ్లు డబ్బున్నవాడికే దొరికేవని, వాళ్లమ్మ కోటా వచ్చాకే బతికిందని పెట్టండి. హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ (1932) ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ఇందుకే. అక్కడ జనం నిజంగానే హాయిగా ఉంటారు. ఎదురు తిరిగిన హెల్మ్‌హోల్ట్జ్‌ని కొట్టరు, చంపరు. ఏ దీవికి పంపమంటావని అడుగుతారు!

గాజువాక_గాలి

ఏటి బాబూ, విశాఖలో కథ పెట్టి సమూహం అంటే జైలు అన్నట్టు రాస్తే ఎలాగ? ఈ ఊరు గుంపు వల్ల బాగుపడ్డ ఊరు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఊళ్లకు ఊళ్లు లేచాయి. దానికి ముందు జరిగిందేటి? అమృతరావు అనే ఒక్క మనిషి నిరాహార దీక్షకి కూర్చున్నాడు. ఒక్కడి ఆకలి రాష్ట్రం మొత్తానికి డిమాండైపోయింది. ఇందులో వ్యక్తి ఎక్కడ ఆగాడు, సమూహం ఎక్కడ మొదలైంది, విడదీసి చూపించండి చూద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. జెనరేటర్ ఉన్న ఇంటి ముందు ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోడానికి వీధి వీధంతా లైను.

కాబట్టి మీ బ్లాకులో రెండు రకాల "కలిసి ఉండటం" పెట్టండి. ఒకటి రిజిస్టరు ఎక్కింది, కోటా లెక్క. ఇంకోటి ఎక్కనిది: పన్నెండో ఇంటామె తన వాటాలోంచి చెంబుడు బాలింతకి రహస్యంగా పోస్తుంది. రూలు ప్రకారం అది నేరం, ఎందుకంటే ఇచ్చుకునేవాళ్లకి కోటా లెక్క రాసే బ్లాకు సెక్రటరీతో పని లేదు. హీరో తెగించాల్సింది ఆ చెంబు కోసం. తన "స్వేచ్ఛ" కోసమే పారిపోయేవాడి మీద నాకైతే జాలి కలగదు.

పాతపుస్తకాల_కొట్టు

గాజువాక గారి మాటకి సగం ఓటు. చట్టం లేని మంచి సమూహం కూడా మనిషిని నొక్కగలదు. ఉర్సులా లెగ్విన్ ‘ద డిస్పొసెస్డ్’ (1974)లో అనారెస్ అనే లోకం మీద ప్రభుత్వమే లేదు, ఆస్తీ లేదు. అయినా హీరో షెవెక్ రాసిన ఫిజిక్స్ బయటికి రావాలంటే పైనున్న సబుల్ పేరు కూడా అట్ట మీద పడాలి. ఎవరూ ఆజ్ఞాపించరు. నలుగురూ ఏమనుకుంటారో అన్నదే అక్కడ పోలీసు. చెంబుడు నీళ్లు పోసే ఆ పన్నెండో ఇంటామె రేపు "నేను పోస్తున్నా, నువ్వెందుకు పొయ్యవు" అని నిలదీస్తే? ఆమెకీ ఆ పదును ఉంచండి, లేకపోతే దేవత అయిపోతుంది.

మద్దిలపాలెం_కలం

పన్నెండు ఇళ్లు, మెట్ల మీద పంచాయితీ, చెంబు, మూడూ తీసుకుంటున్నా. ముగింపు దగ్గర ఆగిపోయా. పడవ తీసేస్తే హీరో ఏమవ్వాలి? చంపేయాలా, లొంగదీయాలా?

గోపాలపట్నం_లెక్కలు

రెండూ వద్దు. చావు సులువు, లొంగుబాటు ఆర్వెల్ ‘1984’లో, అంటే 1949లోనే, రాసేశాడు. యంత్రాన్నే మళ్లీ తిప్పండి. చెంబు సంగతి మీటరులో బయటపడింది, కోత వచ్చింది, ఎవరు పోశారో పేరు చెప్తే కోత ఆగుతుంది. హీరో "నేనే" అంటాడు. పేరు రిజిస్టరు ఎక్కితే ఇక కథ హీరో చేతిలో ఉండదు, మిగతా పదకొండు ఇళ్లకూ పోతుంది. రెండో ఇంటాయన లేచి "నేను కూడా" అంటాడా అన్నది మీ ఇష్టం. ఒకరో ఇద్దరో చాలు. పన్నెండుగురూ లేచారంటే మాత్రం చప్పట్ల సినిమా అయిపోద్ది.

గాజువాక_గాలి

భాష గురించి ఒక్క ముక్క. సెక్రటరీ నోటీసులు అచ్చు పుస్తకం తెలుగులో రాయండి, "వినియోగదారులకు తెలియజేయునది ఏమనగా" అన్న ధాటిలో, నాలుగు లైన్లు దాటనీకండి. మెట్ల మీద మాటలన్నీ మన యాసలో పోనివ్వండి. హీరో మొదట్లో ఇంట్లో కూడా నోటీసు భాషే మాట్లాడాలి. రిజిస్టరు దగ్గర మాత్రం "నేనే పోసినాను" అని వాళ్లమ్మ మాట బయటికి రావాలి. అక్కడ వివరణ ఒక్క వాక్యం కూడా పెట్టకండి, చదివేవాడికి అందుతుంది.