పెదనాన్న గారి వికీపీడియా పేజీలో తప్పులున్నాయి, ఇంటివాళ్ళం మేమే దిద్దొచ్చా?

చుక్క_కామా
మా పెదనాన్న రిటైరైన ప్రొఫెసర్. ఇంగ్లీషు వికీపీడియాలో ఆయన మీద ఒక పేజీ ఉంది, ఎవరు మొదలుపెట్టారో మాకు తెలీదు. పుట్టిన సంవత్సరం రెండేళ్ళు తేడాగా ఉంది. ఎన్నడూ రాని అవార్డు ఒకటి వచ్చినట్టు రాశారు. ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఉన్నప్పటి ఒక గొడవ గురించి పెద్ద పేరా ఉంది. గొడవ జరిగిన మాట నిజమే గానీ పేజీలో సగం అదే. ఇంట్లో అందరూ "నీకు కంప్యూటర్ వచ్చు కదా, తీసి పారేయ్" అంటున్నారు. అకౌంట్ తెరిచాను, ఇంకా ఏమీ ముట్టుకోలేదు. ఇలాంటి పని చేసినవాళ్ళుంటే చెప్పండి.

గోడమీద_పిల్లి
ముట్టుకోకపోవడమే మంచిదైంది. నేనొక సంస్థలో పీఆర్ పని చూశాను. నాకు ముందు ఆ సీట్లో ఉన్నాయన మా డైరెక్టర్ పేజీని రకరకాల పేర్లతో దిద్దుతుండేవాడు. దొరికిపోయాడు. అకౌంట్లన్నీ బ్లాక్ చేసి, పేజీ నెత్తిన "ఈ వ్యాసం రాసినవారికి విషయంతో దగ్గరి సంబంధం ఉన్నట్టుంది" అని బోర్డు పెట్టారు. డైరెక్టర్ పేరు వెతికిన ప్రతివాడికీ ముందు కనిపించేది అదే. తర్వాత నా ఉద్యోగమల్లా ఆ బోర్డు తీయించడమే!

జీతం తీసుకుని రాసేవాళ్ళు ఆ సంగతి బయటపెట్టి తీరాలి. 2014 జూన్ నుంచి, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నిబంధనల్లోనే ఉంది అది. మీకెవరూ డబ్బివ్వట్లేదు కాబట్టి ఆ నిబంధన మీకు వర్తించదు. బంధుత్వం మాత్రం దాచొద్దు.

నాలుగు_టిల్డాలు
ఇలాంటి అభ్యర్థనలకు జవాబులిచ్చే వాలంటీర్లలో నేనొకణ్ణి. పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. మీ వాడుకరి పేజీలో ఫలానా వ్యక్తికి బంధువునని ఒక వాక్యం రాయండి. వ్యాసం పక్కనే చర్చ పేజీ ఉంటుంది, అక్కడ "ఎడిట్ సీఓఐ" అనే మూస (టెంప్లేట్; సీఓఐ అంటే విషయంతో సొంత సంబంధం ఉండడం) పెట్టి మీ అభ్యర్థన రాయండి. మూస పెడితేనే అది మా వరుసలోకి వస్తుంది. ఉత్త వ్యాఖ్యగా రాసి వదిలేస్తే ఎవరూ చూడకపోవచ్చు.

ఏ వాక్యం తీయాలి, దాని బదులు ఏ వాక్యం రావాలి, దానికి మూలం ఏది అన్నది నేను కాపీ చేసి పెట్టుకునేలా ఉండాలి. "పేజీ మొత్తం తప్పుల తడక, సరిచేయగలరు" అని రాస్తే ఆ తప్పులు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. రాని అవార్డు తీసేయమనడం వీటన్నిటిలోకీ సులువు. దాంతో మొదలుపెట్టండి. పొగడ్తను తీసేయమని అడిగిన బంధువు తర్వాత ఏమడిగినా మేం కాస్త నమ్మకంగా చూస్తాం.

పాతకాపు
వినడానికి బాగుంది. ఊరూ పేరూ లేనివాడు అబద్ధం రాయడానికి ఒక్క నిమిషం చాలు. దాన్ని తీయించడానికి సొంతవాళ్ళు దరఖాస్తు పెట్టుకుని వారాలు, ఒక్కోసారి నెలలు కాచుకోవాలి. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే అమెరికన్ జర్నలిస్టుకు కెనడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవడో రాస్తే నాలుగు నెలలకు పైగా అలాగే ఉంది. అప్పుడు ఎక్కడికి పోయారు ఈ వాలంటీర్లు?

నాలుగు_టిల్డాలు
ఆ గొడవయ్యాకే బతికున్నవారి గురించిన నిబంధనలు గట్టిపడ్డాయి. పచ్చి అబద్ధం, పరువు తీసే మాట, దానికి మూలమే లేదు అనుకోండి. అలాంటిది సంబంధం ఉన్నవాళ్ళయినా వెంటనే తీసేయొచ్చు. సేవ్ చేసేటప్పుడు అడిగే మార్పు సారాంశంలో కారణం రాస్తే చాలు. ఎవరైనా దాన్ని వెనక్కి తెస్తే, మళ్ళీ మళ్ళీ తీయకుండా, బతికున్నవారి జీవిత చరిత్రల కోసం ఉన్న నోటీసు బోర్డులో పెట్టాలి. ఆలస్యం గురించి మీరన్నది మాత్రం కాదనను. వరుస ఎప్పుడూ పొడవుగానే ఉంటుంది.

చుక్క_కామా
పుట్టిన సంవత్సరం మాటేంటి? అక్కడ ఒక పేపర్ వార్త మూలంగా ఉంది. మా దగ్గర బర్త్ సర్టిఫికెట్ ఉంది, స్కాన్ చేసి పెట్టనా?

నాలుగు_టిల్డాలు
దయచేసి వద్దు. అలాంటి కాగితాలను మూలంగా తీసుకోరు. పైగా ఆయన వ్యక్తిగత వివరాలన్నీ లోకానికి పరిచినట్టవుతుంది.

ముందు ఆ వార్త ఏ తేదీదో చూడండి. తర్వాత వ్యాసం "చరిత్ర" ట్యాబ్ నొక్కి, ఆ సంవత్సరాన్ని మొదట ఎప్పుడు చేర్చారో వెతకండి. చాలాసార్లు జరిగేదేంటంటే, ఎవరో మూలం లేకుండా ఒక అంకె వేస్తారు. ఏ సన్మానానికో విలేకరి హడావుడిగా వికీపీడియా చూసి అదే రాసేస్తాడు. మరుసటి ఏడు ఇంకొకరొచ్చి ఆ వార్తనే మూలంగా తగిలిస్తారు. పైకి చూస్తే పక్కా మూలం, లోపల వికీపీడియాకు వికీపీడియానే సాక్షి. వార్త కంటే అంకె ముందు వచ్చిందని రెండు తేదీలతో చూపిస్తే ఆ మూలం నిలబడదు.

కొసరు
ఆయన బతికే ఉన్నారుగా, ఆయన చెప్తే చాలదా?

గోడమీద_పిల్లి
మెయిల్లోనో ఫోన్లోనో చెప్తే చాలదు. 2012లో ఫిలిప్ రాత్ అంతటి నవలాకారుడు తన నవలకు ప్రేరణ ఎవరన్నది తప్పుగా రాశారంటే, వేరే మూలం కావాలన్నారు. ఆయన ఒళ్ళుమండి న్యూయార్కర్‌లో బహిరంగ లేఖ రాశాడు. ఆ లేఖ అచ్చయ్యాక అదే మూలంగా పనికొచ్చింది. అందరికీ న్యూయార్కర్ దొరకదనుకోండి. వివాదం లేని చిన్న విషయాలకైతే సొంత వెబ్‌సైటూ, ఆయన పని చేసిన చోటి ప్రొఫైల్ పేజీ కూడా పనికొస్తాయి. పెదనాన్న గారికి అలాంటిదేమైనా ఉందా?

చుక్క_కామా
యూనివర్సిటీ సైట్లో ప్రొఫైల్ ఉంది, సంవత్సరం సరిగ్గానే ఉంది! ఇన్నాళ్ళూ తట్టలేదు. చరిత్ర కూడా చూశాను. మీరన్నట్టే, అంకె ముందు, వార్త వెనక.

మీగడ
ఒక హెచ్చరిక. చర్చ పేజీలో రాశాక మీకో మెయిల్ రావచ్చు: "నేను వికీపీడియా అడ్మిన్‌ని, ఇంత కడితే ఆ పేరా తీసేసి పేజీకి తాళం వేస్తాను" అని. మా అక్కకు వచ్చింది, లోగోతో సహా. అది మోసం. నిజమైన నిర్వాహకులు ఇలాంటి పనికి డబ్బడగరు. 2015లో 381 అకౌంట్లను ఒకేసారి బ్లాక్ చేసింది ఇలాంటి దందా మీదే.

ఫోటో మార్చాలంటే హక్కు తీసినవాళ్ళది, ఫోటోలో ఉన్నవాళ్ళది కాదు. మీరే తీసి, వికీపీడియా ఫోటోలు ఉంచే కామన్స్‌లో పెట్టడం ఉత్తమం.

చుక్క_కామా
అభ్యర్థన ఇలా రాశాను: "మా పెదనాన్న గారు జీవితమంతా విద్యారంగానికి అంకితం చేసిన నిగర్వి. ఆయనకు రాని అవార్డు వచ్చినట్టు రాసి ఆయన ప్రతిష్ఠకు భంగం కలిగిస్తున్నారు. వెంటనే తొలగించి న్యాయం చేయగలరు."

నాలుగు_టిల్డాలు
నిగర్వి నుంచి న్యాయం దాకా అంతా కొట్టేయండి. ఇలా పెట్టండి: "నేను ఈ వ్యాసంలోని వ్యక్తికి తమ్ముడి కూతురిని. పురస్కారాల విభాగంలో రెండో వాక్యం తీసేయమని కోరుతున్నాను. దానికి ఇచ్చిన లింకులో ఆయన పేరు లేదు. అవార్డు ఇచ్చే సంస్థ విజేతల జాబితాలోనూ లేదు." కింద ఆ జాబితా లింకు, చివర నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం. అంతే.

పాతకాపు
అసలు విషయం దాటేస్తున్నారు. ఆ గొడవ పేరా?

నాలుగు_టిల్డాలు
దాటేయట్లేదు. పేపర్లలో వచ్చి, మూలాలు సరిగ్గా ఉంటే మొత్తం తీయించడం కుదరదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క గొడవ పేజీలో సగం ఆక్రమించిందంటే మాత్రం, ఆ పొడవు గురించి వాదించొచ్చు. చుక్క గారూ, ఆ గొడవ చివరికి ఏమైంది?

చుక్క_కామా
విచారణ వేశారు, ఆయన తప్పేమీ లేదని తేలింది. పేజీలో ఆ ముక్కే లేదు. ఆరోపణ దగ్గరే ఆపేశారు. అప్పట్లో పేపర్లో చిన్న వార్త పడింది. ఆన్‌లైన్‌లో లేదు, పెదనాన్న కటింగ్ దాచుకున్నారు.

నాలుగు_టిల్డాలు
అదే మీకు కావలసింది! ఆన్‌లైన్‌లో లేకపోయినా మూలంగా చెల్లుతుంది. పేపర్ పేరు, తేదీ, పేజీ నంబరు రాస్తే చాలు. కటింగ్‌ను మాత్రం స్కాన్ చేసి ఎక్కించకండి, కాపీరైట్ పేపర్‌ది. తీసేయమని కాకుండా, విచారణ ఫలితం చేర్చి పేరా కుదించమని అడగండి. కుదించిన పేరా కూడా మీరే రాసి ఇవ్వండి. అవార్డుతో కలపకుండా విడి అభ్యర్థనగా పెట్టండి. ఒకటి ఒప్పుకోకపోతే రెండోది దానితోపాటు పోకూడదు కదా.

చుక్క_కామా
కటింగ్ మీద తేదీ ఉన్న అంచు కత్తిరించేశారండీ. నెల గుర్తుంది అంటున్నారు. లైబ్రరీలో పాత సంచికలు తిరగేయాలి. ఈలోగా అవార్డు ఒక్కటీ ఇవాళే పెట్టేస్తున్నాను. ఇంట్లోవాళ్ళకు ఎలా చెప్పాలో చూసుకోవాలి, వాళ్ళకు నచ్చిందే ఆ అవార్డు ఒక్కటి.