ప్రజాభిప్రాయ సేకరణ: సర్వేకీ ఇదే, ఓటుకీ ఇదేనా?

పోస్టు:
నమస్కారమండీ. యూరోపియన్ యూనియన్‌లో చేరాలని చూస్తున్న దేశాల్లో జనం ఏమనుకుంటున్నారో చెప్పే వ్యాసం ఒకటి తెలుగులోకి తెస్తున్నాను. అందులో రెండు రకాల అంకెలున్నాయి. సర్వే సంస్థలు కొంతమందిని అడిగి తేల్చినవి కొన్ని. జనం పోలింగ్ కేంద్రాలకు వెళ్లి ఓటేస్తే తేలినవి కొన్ని. మన పేపర్లు రెండింటికీ 'ప్రజాభిప్రాయ సేకరణ' అనే రాస్తున్నాయి. నాకు అలా కుదరదు. మోల్డోవా సంగతే చూడండి. సర్వేల్లో చేరదామనేవారికి మంచి ఆధిక్యం కనిపించింది. 2024 అక్టోబరు 20న ఓటు పెడితే 50.35 శాతంతో గట్టెక్కింది. రెండు వాక్యాల్లోనూ ఒకే మాట రాస్తే చదివేవారికి ఏం అర్థమవుతుంది?

కామెంట్:
ఇందులో అంత చిక్కేముంది మేడం? మొదటిది సర్వే, రెండోది రెఫరెండం. 'ఈ ఉప ఎన్నిక మా పాలనకు రెఫరెండం' అని మన నాయకులు అంటూనే ఉంటారుగా, అందరికీ తెలిసిన మాటే.

కామెంట్:
తెలిసిన మాటే గాని, తెలిసింది వేరే అర్థం సార్. నాయకులు దాన్ని 'తీర్పు' అనే అర్థంలో వాడతారు. అసలు రెఫరెండంలో అభ్యర్థులుండరు, ప్రశ్న ఉంటుంది. మన రాజ్యాంగంలో ఆ ఏర్పాటే లేదు కాబట్టి మనకది అనుభవంలో లేదు. 1948లో జునాగఢ్‌లో, 1975లో సిక్కింలో జరిగినట్టు ఎప్పుడో అరుదుగా జరిగాయి. ఇక 'ప్రజాభిప్రాయ సేకరణ'కి మూడో అర్థం కూడా ఉంది. గనికో సిమెంటు ఫ్యాక్టరీకో పర్యావరణ అనుమతి కావాలంటే షామియానా వేసి, అధికారులు వేదిక మీద కూర్చుని జరిపేది. పొలం పోయే రైతుకి ఆ మాట వింటే గుర్తొచ్చేది అదే. అక్కడ ఓటుండదు, చెప్పింది రాసుకుని వెళ్తారు.

కామెంట్:
నాకు 'సేకరణ'తోనే పేచీ. ధాన్యం సేకరణ అంటే పండిన ధాన్యం ఉంటుంది, కొంటారు. అభిప్రాయం అలా ముందే పండి ఉండదు, అడిగే తీరుని బట్టి మారుతుంది. 2018 సెప్టెంబరు 30న మాసిడోనియాలో ఓటర్లని అడిగింది ఇదీ: గ్రీసుతో కుదిరిన ఒప్పందాన్ని అంగీకరిస్తూ, యూరోపియన్ యూనియన్, నాటో సభ్యత్వాలకు మీరు అనుకూలమేనా?

ఆ ఒప్పందంలో అసలు సంగతి దేశం పేరు మార్చుకోవడం. ఆ ముక్క బ్యాలెట్ మీద లేదు! యూనియన్‌లో చేరదామా అంటే సై అనేవాళ్లు అక్కడ ఎక్కువే. పేరు మార్చుకుందామా అని విడిగా అడిగితే కథ వేరు. రెండిటినీ ఒకే ముడి వేసేసరికి, వద్దనేవాళ్లలో చాలామంది 'వద్దు' అని ఓటెయ్యలేదు, అసలు గడప దాటలేదు. ఓటేసినవారిలో 90 శాతానికి పైగా అవునన్నారు. వచ్చింది మాత్రం మొత్తం ఓటర్లలో సుమారు 37 శాతం, కావలసిందేమో సగం మంది. చివరికి పార్లమెంటులో నెగ్గించుకుని 2019 ఫిబ్రవరిలో ఉత్తర మాసిడోనియా అయ్యారు. ఇంత చేస్తే అదే ఏడాది అక్టోబరులో యూనియన్‌లో చేరే చర్చలు మొదలుకాకుండా ఫ్రాన్స్ అడ్డుకుంది, మరుసటి ఏడాది బల్గేరియా అడ్డం తిరిగింది. మీది వేరే భాష కాదు, మా భాషకి యాసే అన్నది కూడా బల్గేరియా వాదాల్లో ఒకటి. భాష గురించి మాట్లాడుకునే ఈ గ్రూపులో వాళ్లకి ఆ మంట ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. అలాంటి చోట చేరాలన్న ఉత్సాహం తగ్గిందని సర్వే చెప్తే, జనం యూరప్‌ని కాదంటున్నారా, వేచి వేచి విసిగిపోయారా అన్నది ఆ అంకెలో కనిపించదు.

కామెంట్:
మధ్యలో చిన్న సందేహం. చేరడాన్ని 'విలీనం' అనొచ్చా?

కామెంట్:
వద్దు బాబూ. సిక్కింది విలీనం. క్రొయేషియా 2013లో సభ్యదేశంగా చేరింది, దాని జెండా, దాని పార్లమెంటు దానికే ఉన్నాయి. పైగా ఇక్కడ ఆ మాట ఎత్తితే సెప్టెంబరు 17 విలీనమా, విమోచనమా అని మొదలై అడ్మిన్ గారికి టెన్షన్.

కామెంట్:
రెఫరెండానికి 'జనవాక్యం' ఎలా ఉంటుంది? జనవాక్యంతు కర్తవ్యం అని ఉండనే ఉంది.

పోస్టు పెట్టినామె:
వినడానికి బాగుందండీ, కానీ జనం అన్నది ప్రభుత్వం చేసి తీరాలనే అర్థం అందులో ఉంది. నార్వేలో 1972లోనూ 1994లోనూ అలాగే జరిగింది. ప్రభుత్వం చేరదామంది, జనం స్వల్ప తేడాతో వద్దన్నారు, మానుకున్నారు. అన్నిచోట్లా అంత తేటగా ఉండదు. మోల్డోవాలో దేశం లోపలి ఓట్లు మాత్రమే లెక్కేస్తే వద్దన్నవారే ఎక్కువ. విదేశాల్లో ఉన్నవారి ఓట్లతో నెగ్గింది. గగౌజియా ప్రాంతంలోనైతే నూటికి తొంభై మందికి పైగా వద్దన్నారు. అందులో ఏది జనవాక్యం అనాలి? నేను 'సర్వే', 'రెఫరెండం' అనే రాస్తాను. మొదటిసారి వచ్చినచోట 'ఒక ప్రశ్నకు అవును, కాదు అని ఓటేసే పద్ధతి' అని ఒక్క ముక్క కలుపుతాను.

కామెంట్:
అలాగే శాతాల దగ్గర కాస్త చూసుకోండమ్మా. క్రొయేషియాలో 2012లో ఓటేసినవారిలో 66 శాతం చేరదామన్నారు. ఓటేసింది సగం మంది కూడా కాదు. 'క్రొయేషియా ప్రజల్లో 66 శాతం' అని పడితే తప్పైపోతుంది.