పాత ప్యాట్రోల్ వై60: ఆటో లాకింగ్ హబ్‌లు ఉంచాలా, తీసేసి మాన్యువల్ వేయించాలా?

ఎడారి_బండి (దుబాయ్)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1995 మోడల్ నిస్సాన్ ప్యాట్రోల్ ఉంది. వై60, టీబీ42 పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్లు. సొంతూరు అమలాపురం, ఉద్యోగం ఇక్కడ. చలికాలం వచ్చిందంటే వారాంతాల్లో స్నేహితులతో బదాయర్ వైపు ఇసుకలోకి వెళ్తుంటాను. ఇంజను, గేర్‌బాక్స్ బాగున్నాయి. ఇబ్బందంతా ముందు చక్రాల హబ్‌లతోనే (చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో కలిపే, విడదీసే భాగాలు; ఆటో అయితే అదే కలుస్తుంది, మాన్యువల్ అయితే చేత్తో తిప్పాలి).

4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తి) వేసి దిబ్బ ఎక్కుతున్నంతసేపూ బాగానే లాగుతుంది. సగంలో ఊపు తగ్గిపోయి రివర్స్‌లో వెనక్కి దిగాల్సి వచ్చినప్పుడే సమస్య. ముందు ఎడమ వైపు నుంచి టకటకమని శబ్దం, ఆ వెంటనే ఠక్కుమని గట్టి దెబ్బ. ఆ మధ్యలో వెనక చక్రాలు మాత్రమే తిరిగి బండి ఇసుకలో దిగబడుతోంది. కూరుకున్నాక ముందుకీ వెనక్కీ ఊపి బయటపడదామంటే ప్రతిసారీ ఇదే వరస. ఇంటికి వచ్చేటప్పుడు 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి) హైవే ఎక్కాక ముందు నుంచి సన్నగా ఒక మోత వస్తుంది. ఒక్కోసారి అదీ ఉండదు.

ఒక గ్యారేజీలో చూపిస్తే, తెరిచి చూడకుండానే "ఆటో హబ్‌లు తీసి పారేయండి, మాన్యువల్ వేస్తాం" అన్నారు. హబ్ మీద ఆటో, లాక్ అని రెండు గుర్తులున్నాయి. లాక్‌లో పెట్టి తారు రోడ్డు మీద నడిపితే డిఫరెన్షియల్ (మలుపుల్లో చక్రాలను వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) పోతుందని ఒకాయన, ఏమీ కాదని ఇంకొకాయన. ఈ బండి నాకు ప్రాణం. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

డెన్వర్_కె5

నాది 1984 షెవర్లే కె5 బ్లేజర్, కొలరాడోలో ఉంటాను. షెవర్లే మాతృసంస్థ జీఎం ఈ ట్రక్కులకు 1981 నుంచి ఆటో హబ్‌లు ఇచ్చింది. మీ ప్యాట్రోల్‌కు ఉన్నట్టు వాటికి లాక్ గుర్తు ఉండదు, చేత్తో బిగించే వీలే లేదు. మంచులో కూరుకుని ముందుకూ వెనక్కూ ఊపేటప్పుడు సరిగ్గా మీరు చెప్పిందే జరిగేది: పట్టు వదలడం, మళ్ళీ పట్టుకోవడం, ఈలోపు వెనక చక్రాలు గొయ్యి తవ్వేయడం. గడ్డకట్టే చలిలో లోపలి గ్రీజు బిగుసుకుంటే లాక్ పడటానికి ఇంకా ఆలస్యం.

నేను వాటిని తీసేసి వార్న్ మాన్యువల్ హబ్‌లు వేయించుకున్నాను. ఆర్థర్ వార్న్ 1948లో సియాటిల్‌లో ఈ కంపెనీ మొదలుపెట్టింది యుద్ధంలో మిగిలిపోయిన జీపులను మామూలు రోడ్లకు పనికొచ్చేలా చేయడానికే. అంటే హబ్ అనేదే మొదట చేత్తో తిప్పేదిగా వచ్చింది. మంచులో కిందికి దిగి తిప్పాలి, నిజమే. కానీ తిప్పాక అది లాక్ అయిందా లేదా అనే టెన్షన్ ఉండదు. నా ఓటు మాన్యువల్‌కే.

షార్జా_గ్యారేజీ

తమ్ముడూ, నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. నా చేతికొచ్చే బండ్లలో ప్యాట్రోళ్ళే ఎక్కువ. నీ హబ్‌లను ఇప్పుడే తీసేయకు. డెన్వర్ అన్న చెప్పింది ఆయన బండికి సరైనదే, కానీ నీ హబ్‌లో మాన్యువల్ పని కూడా ఉంది. దాన్ని నువ్వు వాడుకోవడం లేదు, అంతే.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకో. 2హెచ్‌లో చక్రం ఒక్కటే తిరుగుతుంది, లోపలి యాక్సిల్ షాఫ్ట్ ఊరికే ఉంటుంది. నువ్వు 4హెచ్ వేసి కదలగానే ఇంజను ఆ షాఫ్ట్‌ను తిప్పుతుంది. షాఫ్ట్‌తో పాటు తిరగబోయే ఒక భాగాన్ని చిన్న బ్రేకులాంటి ముక్క రాపిడితో ఆపుతుంది. ఆ ఆపడం వల్ల క్యామ్ (వాలు అంచున్న ముక్క) వాలు మీదికి ఎక్కి, పళ్ళున్న రింగును పక్కకు తోస్తుంది. ఆ పళ్ళు హబ్ పళ్ళలో పడితే లాక్. ఇదంతా షాఫ్ట్ ఒకే దిక్కుకు తిరుగుతున్నంతసేపే. దిక్కు మారితే క్యామ్ వాలు దిగుతుంది, పళ్ళు విడిపోతాయి. అవతలి వైపు వాలు ఎక్కి మళ్ళీ పడేదాకా ముందు చక్రాలకు శక్తి అందదు. నువ్వు రివర్స్ వేసినప్పుడు వినే టకటక, ఆ తర్వాతి దెబ్బ ఇదే. ఆటోలో ఉన్న ఏ హబ్‌కైనా ఈ ఖాళీ కొంత ఉంటుంది. ఒక్క ఎడమ వైపే గట్టిగా వినిపిస్తోందంటే మాత్రం దానిలో అరుగుదలో మురికో ఉంది.

ఇక లాక్ సంగతి. ఇక్కడ చాలామంది రెండు వేరు వేరు విషయాలను కలిపేస్తున్నారు. హబ్‌ను లాక్‌కు తిప్పడం అంటే చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో కలపడం మాత్రమే. 4హెచ్ అంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (యాక్సిల్‌కు శక్తి తెచ్చే పొడవాటి కడ్డీ) వెనకదానితో కలపడం. హబ్ లాక్‌లో, లివరు 2హెచ్‌లో ఉంచి తారు రోడ్డు మీద ఇంటిదాకా వెళ్ళు, ఏమీ విరగదు. ముందు యాక్సిల్, క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు), ప్రొపెల్లర్ ఊరికే తిరుగుతుంటాయి. పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, సన్నగా మోత వస్తుంది, అంతవరకే. ప్రమాదం ఎండిన తారు మీద 4హెచ్‌లో నడపడంలో ఉంది. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. నీ బండికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా ఎటూ పోలేక షాఫ్టుల్లో బిగుసుకుంటుంది. అప్పుడు 4హెచ్ లివరు బయటికి రాదు, హబ్ పళ్ళు కూడా ఒకదానికొకటి ఒరుసుకుని విడిపోవు.

అందుకే నా మాట: తారు దిగి టైర్లలో గాలి తగ్గించడానికి ఆగుతావు కదా, అక్కడే 2హెచ్‌లో ఉండగా వీల్ పానా తీసి రెండు హబ్‌లూ లాక్‌కు తిప్పేయ్. రెండూ ఒకే గుర్తు మీద ఉండాలి, ఒకటి ఆటో ఒకటి లాక్ వద్దు. ఆ తర్వాత 4హెచ్ వేసుకో. ఇప్పుడు దిబ్బ మీంచి రివర్స్‌లో దిగినా, గుంటలో ఊపినా హబ్ వదలదు. వెనక చక్రాలు గిరగిరా తిరుగుతుండగా మాత్రం 2హెచ్ నుంచి 4హెచ్‌కు మార్చకు. ఆగిపోయి ఉన్న ముందు షాఫ్ట్ మీద ఒక్కసారిగా దెబ్బ పడుతుంది, ఆటోలో ఉంటే లోపలి ముక్కలు పగులుతాయి.

తిరిగొచ్చేటప్పుడు గాలి నింపే చోట 2హెచ్ వేసి, హబ్‌లు ఆటోకు తిప్పి, స్టీరింగ్ నేరుగా ఉంచి రెండు మూడు మీటర్లు మెల్లగా వెనక్కి నడుపు. ముందుకు వచ్చి ఆగిన బండి వెనక్కి కదిలితేనే క్యామ్ దిగుతుంది. నీకు ఒక్కోసారి మోత వచ్చి ఒక్కోసారి రాకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం: వెనక్కి నడిపిన రోజు వదులుతోంది, నేరుగా హైవే ఎక్కిన రోజు వదలట్లేదు.

ఇప్పుడు హబ్ బాగుందో లేదో ఇంట్లోనే చూసుకో. గట్టి చదును నేల, వెనక చక్రాలకు అడ్డాలు, మొదటి గేరు, 4హెచ్, రెండు హబ్‌లూ లాక్. ముందు ఎడమ చక్రం ఒక్కటే లేపి కింద స్టాండు పెట్టు. కుడి చక్రం నేల మీద ఉంది, ప్రొపెల్లర్ గేరులో బిగిసి ఉంది, కాబట్టి ఎడమ షాఫ్ట్‌కు తిరిగే దారి లేదు. చేత్తో తిప్పితే చక్రం కాస్త ఆడి ఆగిపోవాలి. జారితే పళ్ళు పోయినట్టే, ఆ హబ్ మార్చాల్సిందే. తర్వాత దించి, 2హెచ్, ఆటో పెట్టి వెనక్కి నడిపి మళ్ళీ లేపు. ఇప్పుడు తిప్పితే బేరింగు, బ్రేకు ప్యాడ్ రాపిడి తప్ప ఇంకేమీ చేతికి తెలియకూడదు. లోపల గేర్లు కదిలే శబ్దం వస్తే హబ్ వదలలేదన్నమాట. కొందరు కింద పడుకుని ముందు ప్రొపెల్లర్ తిరగట్లేదు కదా, అంతా బాగుంది అంటారు. ఒక్క హబ్ మాత్రమే పట్టుకుని ఉంటే డిఫరెన్షియల్ అవతలి షాఫ్ట్‌ను వ్యతిరేక దిక్కుకు తిప్పేస్తుంది, ప్రొపెల్లర్ కదలకుండా ఉండగలదు. దాన్ని నమ్మొద్దు. ఇంకోటి, నీ బండి హ్యాండ్‌బ్రేక్ చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక షాఫ్టులకు పంచే గేర్ల పెట్టె) వెనక షాఫ్ట్ మీద పనిచేస్తుంది. వెనక చక్రం ఒక్కటి గాల్లో ఉంటే అది బండిని ఆపలేదు. అడ్డాలు పెట్టకుండా ఎప్పుడూ జాకీ ఎత్తకు, తమ్ముడూ.

ఎంఎం540_వరంగల్

నా మహీంద్రా ఎంఎం540కి కొన్నప్పుడు అసలు హబ్‌లే లేవు, ముందు షాఫ్టులు ఎప్పుడూ చక్రాలతో కలిసే తిరిగేవి. 2హెచ్‌లో ఏళ్ళ తరబడి అలాగే హైదరాబాద్ వెళ్ళొచ్చాను, క్రౌన్‌కు ఏమీ కాలేదు. గ్యారేజీ అన్న చెప్పింది నిజం. తర్వాత ఏవీఎం కంపెనీ మాన్యువల్ హబ్‌లు వేయించాను, మోత తగ్గింది, స్టీరింగ్ కాస్త తేలికైంది. మీరు ఒకవేళ మార్చాల్సి వస్తే పాత హబ్‌ను చేత్తో పట్టుకుని దుకాణానికి వెళ్ళండి. లోపలి పళ్ళు లెక్కపెట్టి పోల్చుకున్నాకే డబ్బులివ్వండి.

ఎడారి_బండి (దుబాయ్)

గ్యారేజీ అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. లాక్‌లో రెండు వైపులా చక్రం గట్టిగా ఆగింది, చాలా సంతోషం. ఆటోలో మాత్రం ఎడమ చక్రం తిప్పితే లోపల గేర్లు కదులుతున్నాయి, కుడివైపు లేదు. హబ్ బోల్టులు విప్పి కవరు తీస్తే లోపలంతా బేరింగు గ్రీజు కుక్కి ఉంది, గట్టిపడి గోధుమరంగుకు తిరిగింది. వేలితో రుద్దితే సన్నటి ఇసుక గరగరమంటోంది. కవరు కింది ఓ-రింగ్ ఒక చోట తెగి ఉంది. ఫొటోలు పెట్టాను చూడండి. దీన్ని కడిగితే సరిపోతుందా, కొత్త హబ్ కొనాలా?

షార్జా_గ్యారేజీ

ఫొటోలు చూశాను. పళ్ళ అంచులు పదునుగానే ఉన్నాయి, స్ప్రింగు కూడా బాగుంది. కొత్తది అక్కర్లేదు. ఆ గ్రీజే నీ శత్రువు. బేరింగుకు పెట్టినట్టు హబ్ నిండా కుక్కితే పళ్ళ రింగు జరగడానికి చోటుండదు, రాపిడి ముక్క కూడా తన పని చేయలేదు.

సర్‌క్లిప్పు తీసి యూనిట్ బయటికి లాగు. తీసే ముందు ప్రతి ముక్కకూ ఒక ఫొటో తీసుకో, ఏ ముఖం ఏ వైపు ఉందో తర్వాత గుర్తుండదు. డీజిల్‌లో కడిగి, బ్రేక్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనివ్వు. జారే చోట్ల వేలితో పల్చటి పూత మాత్రమే పెట్టు. కొత్త ఓ-రింగ్ తప్పనిసరి, కుడివైపుదీ మార్చేయ్. కవరు కూర్చునే అంచు మీద ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా కొత్త రింగు కూడా తెగుతుంది, అందుకే ఆ అంచును శుభ్రమైన గుడ్డతో తుడిచాకే బిగించు.

పనిలో పనిగా చక్రం వెనక ఉన్న గుండ్రటి నకిల్‌ను (స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు తిరిగే కీలు) కూడా చూడు. దాని చుట్టూ నూనె కారుతుంటే లోపలి యాక్సిల్ సీలు పోయి, క్రౌన్ ఆయిల్ వచ్చి నకిల్ గ్రీజును పల్చబరుస్తోందని అర్థం. అది ఈ సీజన్‌లోనే చేయించు, వాయిదా వేయకు.

సముద్రం ఒడ్డున ఉప్పునీళ్ళలో దిగిన రోజు ఉంటే, ఆ వారంలోనే రెండు కవర్లూ తెరిచి లోపల తేమ చేరిందేమో చూసుకో.