ఫిన్‌ట్రోల్ తొలి ఆల్బమ్‌లో జానపదం కలిసిందా, పైన అతికించారా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

ఫిన్లాండ్ బృందం ఫిన్‌ట్రోల్‌ను నేను వరుస తప్పి విన్నాను. ముందు 2001 నాటి ‘యాక్టెన్స్ తీద్’ దొరికింది, నెల రోజులు దాన్ని వదలలేకపోయాను. ఆ ఊపులోనే 1999లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘మిడ్‌నాటెన్స్ విడుండర్’ పెట్టుకున్నాను గానీ, అందులో ఆ నిలకడ కనిపించలేదు. కొన్ని పాటల్లో వారి హుంపా నాట్యసంగీతమూ బ్లాక్ మెటలూ (వేగమైన గిటార్లు, కీచు అరుపులతో సాగే కరకు రాక్ సంగీతం) జోడెద్దుల్లా ఒకే కాడి కింద నడుస్తున్నాయి. మరికొన్నింటిలో జానపద బాణీ కాసేపు వినిపించి తప్పుకోగానే ఆ చోటును గిటార్లూ అరుపులూ ఆక్రమిస్తున్నాయి. ఇది రికార్డింగు పల్చదనమా, కూర్పులోని లోపమా?

సమాధానం (చిత్తూరు నుంచి)

రికార్డింగు పల్చగా ఉన్న మాట నిజమే, కానీ అసలు చిక్కు నడకలో ఉందని నా అభిప్రాయం. హుంపా రెండు దెబ్బల నాట్యం. మొదటి దెబ్బ మంద్రంలో పడుతుంది, ఎదురుదెబ్బ అకార్డియన్‌ది, ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీలోనే కాలు లేస్తుంది. బ్లాస్ట్ బీట్‌లో, అంటే మెటల్‌లో వాడే అతి వేగపు డ్రమ్ముల వాయింపులో, కాలి డ్రమ్మూ స్నేరూ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము) ఊపిరి తిప్పుకోకుండా మోగడంతో ఆ ఖాళీ పూడిపోతుంది, అప్పుడు పైన ఎంత చక్కని బాణీ వాయించినా అది కీబోర్డు అలంకారంగానే మిగులుతుంది. తిరుపతి గంగమ్మ జాతరలో పలకలు కొట్టేవారి పక్కన నిలబడి చూసినవారికి ఇది వెంటనే తడుతుంది: ఎడమచేతి సన్నపుల్ల గలగలా ఆడుతూనే ఉంటుంది, కుడిచేతి కర్ర మాత్రం దెబ్బ వేసి ఒక్క క్షణం ఆగుతుంది, వేషం కట్టినవారి అడుగు ఆ ఆగిన చోటే పడుతుంది. ‘రీవ్‌ఫాదర్’ పాటను మళ్లీ వినండి. వారి 1998 డెమోకు (ఆల్బమ్‌కు ముందు చేసిన నమూనా రికార్డింగుకు) పెట్టిన పేరు కూడా అదే, అంటే దారి మొదటినుంచీ వారికి తెలుసు, పాటలన్నిటా దాన్ని పట్టుకుని నడవలేకపోయారు.

సమాధానం (తిరుపతి నుంచి)

అన్నా, నడక గురించి మీరన్నది ఒప్పుకుంటాను, కానీ తప్పంతా బ్లాస్ట్ బీట్ మీద వేయడం న్యాయం కాదు. కీబోర్డు వాయించిన హెన్రి సోర్వాలి మూన్‌సారో అనే మరో ఫిన్లాండ్ మెటల్ బృందంలోనూ ఉన్నారు. అక్కడ డ్రమ్ములు ఎంత దూకుడుగా మోగినా బాణీ చెదరదు, ఎందుకంటే ఆ నిడివైన పాటల్లో బాణీ మళ్లీ మళ్లీ తిరిగివచ్చి చెవిలో స్థిరపడుతుంది. ఫిన్‌ట్రోల్ తొలి పాటలు పొట్టివి, బాణీ చెవికి పట్టేలోపే మలుపు వచ్చేస్తుంది. ఇక గొంతు సంగతికి వస్తే, తొలి గాయకుడు కాట్లా ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే అల్పసంఖ్యాకులలోని వారు. ఆ భాషలోనే పాడటం ఈ ఆల్బమ్‌కు పెద్ద బలం, బలహీనమైన పాటల్లో కూడా ఆ ఉచ్చారణ వల్లే ట్రోల్‌ల (ఉత్తర ఐరోపా జానపద కథల్లోని వికృత జీవుల) కథ చెబుతున్నట్టు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బల్ల మీద చేత్తో దెబ్బ వేస్తూ ఆల్బమ్ మొత్తం విని, చెయ్యి తడబడిన చోట్లన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. అవి నాకు మొదట నచ్చని పాటలతో చాలావరకు సరిపోయాయి. ఒక్క పాటలో మాత్రం చెయ్యి ఎక్కడా తప్పలేదు, అయినా అది రుచించలేదు. అక్కడ అడ్డుపడుతున్నది కీబోర్డు శబ్దమే, నడక కాదు.