బాసిల్లస్ ఐసోలేట్ ప్రోటియోమిక్స్: స్పెక్ట్రాలు బోలెడు, ఐడీలు కొన్నే. లోపం ఎక్కడుంది?

మొలకధాన్యం:
నేల నుంచి వేరుచేసిన ఒక బాసిల్లస్ ఐసోలేట్ (విడిగా పెంచిన బ్యాక్టీరియా) మీద షాట్‌గన్ ప్రోటియోమిక్స్ (ప్రోటీన్లన్నిటినీ ముక్కలుగా కోసి మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గుర్తించడం) చేస్తున్నాను. 16ఎస్ (జాతిని గుర్తించడానికి వాడే రైబోజోమ్ జన్యువు) సీక్వెన్స్ బాసిల్లస్ సబ్టిలిస్‌తో 99% పైగా కలిసింది. అందుకని యూనిప్రాట్ నుంచి 168 స్ట్రెయిన్ ప్రోటీన్ల డేటాబేస్ తీసుకుని మ్యాక్స్‌క్వాంట్ సాఫ్ట్‌వేర్‌లో సెర్చ్ చేశాను. ఎంఎస్/ఎంఎస్ స్పెక్ట్రాల్లో (పెప్టైడ్లను విరగ్గొట్టి తీసిన ద్రవ్యరాశి పటాల్లో) 14% మాత్రమే గుర్తింపు (ఐడీ) పొందాయి. వచ్చిన వాటిలో రైబోజోమ్ ప్రోటీన్లు, ఎలాంగేషన్ ఫ్యాక్టర్లు, షాపెరోన్లే ఎక్కువ.

శాంపిల్ తయారీ ఇలా: లైసోజైమ్ ట్రీట్‌మెంట్, 8 మోలార్ యూరియాలో సోనికేషన్, 10 మిల్లీమోలార్ డీటీటీతో 56 డిగ్రీల దగ్గర అరగంట, అయోడోఅసిటమైడ్‌తో చీకట్లో అరగంట, యూరియాను పలచన చేసి 1:50 పాళ్లలో ట్రిప్సిన్‌తో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా. సీ18 క్లీనప్ తర్వాత ఆర్బిట్రాప్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో రన్. లోపం శాంపిల్‌లోనా, మెషీన్‌లోనా, డేటాబేస్‌లోనా? జీనోమ్ సీక్వెన్సింగ్ చేయించక తప్పదా?

పెప్టైడ్‌పటం:
ముందు మెషీన్ సంగతి తేల్చేయండి. అదే కాలమ్ మీద, అదే మెథడ్‌తో మార్కెట్లో దొరికే హీలా డైజెస్ట్ స్టాండర్డ్ (మనిషి కణాల ప్రోటీన్లను ముందే ముక్కలుగా కోసిన నమూనా) ఒకటి రన్ చేసి చూడండి. దానికి ఎప్పటిలాగే ఐడీలు వస్తే మెషీన్ నిర్దోషి.

మీ వివరాలు చూస్తే నా అనుమానం డేటాబేస్ మీదే. 16ఎస్ 99% కలిసిందంటే అదే జాతి అనుకోవడానికి లేదు. సబ్టిలిస్, వెలెజెన్సిస్ రెంటికీ 16ఎస్ 99% దాటి కలుస్తుంది, కానీ జీనోమ్ మొత్తం పోలిస్తే న్యూక్లియోటైడ్ సామ్యం 80% లోపే. ఒకే జాతి అనాలంటే అది 95% దాకా ఉండాలి.

ఇది ఐడీలను ఎంత దెబ్బతీస్తుందో లెక్క వేసి చూడండి. ట్రిప్టిక్ పెప్టైడ్ (ట్రిప్సిన్ కోసిన ప్రోటీన్ ముక్క) సగటున 12 అమైనో ఆమ్లాలు అనుకుందాం. వాటిలో ఒక్కటి మారినా దాదాపు ఎప్పుడూ ద్రవ్యరాశి మారిపోతుంది, మామూలు సెర్చ్‌కి ఇక చిక్కదు. ప్రోటీన్ల సామ్యం 97% ఉంటే ఏ మార్పూ లేని పెప్టైడ్లు 0.97ని పన్నెండు సార్లు గుణించినంత, అంటే 69%. సామ్యం 90%కి దిగితే 28%. 80%కి దిగితే 7% మాత్రమే. మార్పులు అన్నిచోట్లా సమానంగా ఉండవు కాబట్టి ఇది అంచనా మాత్రమే. మీకు రైబోజోమ్ ప్రోటీన్లే ఎక్కువ రావడానికి కారణం కూడా అదే: అవి జాతి మారినా పెద్దగా మారవు. బయటికి స్రవించేవి, కణం ఉపరితలం మీదుండేవి తొందరగా మారిపోతాయి, అవే జారిపోతున్నాయి. కాబట్టి ఈ డేటాతో ఏ ప్రోటీన్ ఎక్కువ, ఏది తక్కువ అనే నిర్ధారణలు చేయకండి. ఆ జాబితా మీ బ్యాక్టీరియాది కాదు, రెండు జాతుల మధ్య మారకుండా మిగిలిన భాగానిది.

రూఢి చేసుకోవాలంటే మంచి స్పెక్ట్రాలను డీ నోవో సీక్వెన్సింగ్ (డేటాబేస్ లేకుండా స్పెక్ట్రం నుంచే సీక్వెన్స్ చదివే) సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. ఎక్కువ స్కోరుతో వచ్చిన సీక్వెన్సులు 168 డేటాబేస్‌లో లేకుండా, సీక్వెన్సులను పోల్చే బ్లాస్ట్‌లో వేరే బాసిల్లస్ ప్రోటీన్లకు అతికినట్టు కలిస్తే సందేహం తీరిపోతుంది. ల్యూసిన్, ఐసోల్యూసిన్ రెంటి ద్రవ్యరాశీ ఒకటే (113.084), ఆ తేడాను లెక్కలోకి తీసుకోకండి.

యూరియావద్దు:
డేటాబేస్ సంగతి పైన చెప్పారు. శాంపిల్‌లోనూ లోపాలున్నాయి.

యూరియాలో 56 డిగ్రీలు అసలు వద్దు. వేడికి యూరియా విడిపోయి సయనేట్ తయారవుతుంది, అది లైసిన్‌కీ, ప్రోటీన్ ఎన్-టెర్మినస్‌కీ అతుక్కుంటుంది. కార్బమైలేషన్ అనేది ఇదే, +43.006 డాల్టన్లు. అలా మారిన లైసిన్ దగ్గర ట్రిప్సిన్ కోయదు, కోతలు తప్పిన పొడవాటి పెప్టైడ్లు మిగిలిపోతాయి. యూరియా ఉన్నంతసేపూ 37 డిగ్రీలు దాటకూడదు, ద్రావణం ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి. ఇప్పుడున్న డేటాలోనే ఇది తెలిసిపోతుంది: ఎంఎస్‌ఫ్రాగర్‌లో ఓపెన్ సెర్చ్ (ద్రవ్యరాశిలో పెద్ద తేడాలనూ అనుమతించే సెర్చ్) పెట్టి ద్రవ్యరాశి తేడాల హిస్టోగ్రామ్ చూడండి. 43.006 దగ్గర శిఖరం ఉంటే కార్బమైలేషన్. సిస్టీన్ కాని చోట 57.021 కనిపిస్తే అయోడోఅసిటమైడ్ ఎక్కువైంది, రియాక్షన్ చివర మళ్లీ కాస్త డీటీటీ వేసి ఆపాలి. ఒక జాగ్రత్త: అసిటైలేషన్ 42.011. మోనోఐసోటోపిక్ శిఖరం బదులు దాని పక్కది ఎంపికైతే అది 43.014గా కనిపించి కార్బమైలేషన్‌లా మభ్యపెడుతుంది.

లైసోజైమ్ కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీన్. దాన్ని కడిగేయకపోతే దాని పెప్టైడ్లే స్కాన్లన్నీ తినేస్తాయి. కనీసం కంటామినెంట్ల జాబితాలో దాని సీక్వెన్స్ ఉందో లేదో చూసుకోండి.

బాసిల్లస్‌కి స్వంత ప్రోటియేజులు చాలా ఎక్కువ, వాటిలో సబ్టిలిసిన్ లాంటివి యూరియాలోనూ కొంతసేపు పనిచేస్తాయి. సెమీ-ట్రిప్టిక్ పెప్టైడ్లు (ఒక కొసే ట్రిప్సిన్ కోసినవి) విపరీతంగా ఉంటే వాటి పనే. నా సలహా: కణాలను మిడ్-లాగ్ దశలో తీయండి, లేకపోతే స్పోర్లు కలుస్తాయి. చల్లని బఫర్‌తో కడిగి, 4% ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌లో వెంటనే 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, 0.1 మిల్లీమీటర్ పూసలతో బీడ్ బీటింగ్ చేయండి. అప్పుడు లైసోజైమ్ అవసరమే ఉండదు. ఎస్‌డీఎస్ కాలమ్‌లోకి వెళ్లకూడదు కాబట్టి ఎస్‌పీ3 గానీ ఎస్-ట్రాప్ గానీ (రెండూ ప్రోటీన్లను పట్టి ఉంచి డిటర్జెంట్‌ను కడిగేసే పద్ధతులు) వాడి తొలగించాలి.

మొలకధాన్యం:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. జీనోమ్ సీక్వెన్సింగ్ చేయించేస్తాను. అది వచ్చాక ప్రొడిగల్ (జన్యువులను గుర్తించే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన జన్యువుల జాబితా సరిపోతుందా, సిక్స్ ఫ్రేమ్ ట్రాన్స్‌లేషన్ (డీఎన్‌ఏను ఆరు రకాలుగానూ ప్రోటీన్‌గా అనువదించడం) కూడా సెర్చ్ చేయాలా? కొత్త జన్యువులు దొరికితే అదే థీసిస్‌లో ఒక అధ్యాయం చేయాలని ఉంది.

కాంటిగ్‌కాపరి:
ముందు అసెంబ్లీ (రీడ్స్ అతికించి కూర్చిన జీనోమ్) నాణ్యంగా ఉండాలి. 4.2 మెగాబేస్‌ల జీనోమ్‌కి 100 రెట్ల కవరేజ్ (ప్రతి బేస్‌నూ సగటున 100 సార్లు చదవడం) అంటే 420 మెగాబేస్‌ల డేటా, పెద్ద భారం కాదు. నానోపోర్ రీడ్స్‌తో ఫ్లై సాఫ్ట్‌వేర్‌లో అసెంబ్లీ చేసి, ఇల్యుమినా రీడ్స్‌తో పాలిష్ చేయించండి. ఒకే బేస్ వరసగా వచ్చే చోట నానోపోర్ ఒకటి తక్కువ చదివితే ఫ్రేమ్ మారి, జన్యువు రెండు ముక్కలవుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు చిన్న జన్యువులు బ్లాస్ట్‌లో ఒకే పెద్ద ప్రోటీన్‌లోని మొదటి సగం, రెండో సగంగా తేలితే అది నిజమైన సూడోజీనా (పనిచేయని పాడైన జన్యువా), సీక్వెన్సింగ్ పొరపాటా అని అనుమానించాలి. ఆ కోత మీదుగా పోయే పెప్టైడ్ దొరికితే పొరపాటే.

ఇక సిక్స్ ఫ్రేమ్. 4.2 మెగాబేస్‌లను ఆరు ఫ్రేముల్లో అనువదిస్తే 84 లక్షల అమైనో ఆమ్లాలు. నిజమైన ప్రోటీన్లు సుమారు 12 లక్షలు. అంటే డేటాబేస్ ఏడు రెట్లయింది, అందులో ఏడింట ఆరు వంతులు చెత్త. మొత్తానికి కలిపి 1% ఎఫ్‌డీఆర్ (అనుమతించే తప్పుల వాటా) పెట్టి 10,000 పెప్టైడ్లు తీసుకుంటే 100 తప్పులుంటాయి. తప్పుడు మ్యాచ్ ఎక్కడైనా పడవచ్చు కనుక వాటిలో 86 దాకా ఆ చెత్త భాగంలోనే పడతాయి. మీకు 150 ‘కొత్త’ పెప్టైడ్లు కనిపిస్తే సగానికి పైగా అబద్ధమే. అందుకే కొత్త వాటికి ఎఫ్‌డీఆర్ విడిగా లెక్కించాలి.

ఆ తర్వాత కూడా ఒక్క పెప్టైడ్‌తో కొత్త జన్యువని రాసేయకండి. తెలిసిన ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారడం వల్లో, రసాయన మార్పు వల్లో ఆ ద్రవ్యరాశి రావచ్చేమో ముందు చూడండి. మిగిలిన వాటికి సింథటిక్ పెప్టైడ్ చేయించి, ఫ్రాగ్మెంట్ల తీరు, రిటెన్షన్ టైమ్ రెండూ పోల్చండి.

ఇంకో చిక్కు స్టార్ట్ కోడాన్లది (ప్రోటీన్ ఎక్కడ మొదలవాలో చెప్పే మూడు బేస్‌లు). సబ్టిలిస్‌లో సుమారు 78% జన్యువులు ఏటీజీతో, 13% టీటీజీతో, 9% జీటీజీతో మొదలవుతాయి. ఏదైనా మొదట వచ్చేది మెథియోనినే. మామూలు సిక్స్ ఫ్రేమ్ స్క్రిప్టులు జీటీజీని వాలీన్‌గా, టీటీజీని ల్యూసిన్‌గా రాసేస్తాయి, దాంతో మెథియోనిన్ ఊడిపోని ఎన్-టెర్మినల్ పెప్టైడ్లు ఎప్పటికీ దొరకవు. ప్రొడిగల్ మామూలుగా 90 బేస్‌ల లోపు జన్యువులను వదిలేస్తుంది, అదీ గుర్తుంచుకోండి. నా దృష్టిలో కొత్త జన్యువుల లెక్క కన్నా స్టార్ట్ సైట్ల సవరణే గట్టి అధ్యాయం అవుతుంది. సాక్ష్యం స్పష్టంగా ఉంటుంది, అనోటేషన్ వాడే ప్రతివారికీ పనికొస్తుంది.

పెప్టైడ్‌పటం:
థీసిస్ మాట వచ్చింది కనుక ఒక్కటి చెప్తాను. ప్రోటియోజీనోమిక్స్‌లో (ప్రోటీన్, జీనోమ్ డేటాలను కలిపి చూసే రంగంలో) నిలబడాలంటే తడి పనీ (ల్యాబ్ ప్రయోగాలూ), కమాండ్ లైన్ పనీ రెండూ మీ చేతిలో ఉండాలి. కొత్త శాంపిల్ సిద్ధమయ్యేలోగా ప్రైడ్ అనే ప్రోటియోమిక్స్ డేటా రిపాజిటరీ నుంచి సబ్టిలిస్ 168 రా ఫైళ్లు దించుకోండి. ముందు దాని సొంత డేటాబేస్‌తో, తర్వాత వెలెజెన్సిస్ డేటాబేస్‌తో సెర్చ్ చేయండి. ఏ వర్గం ప్రోటీన్లు ముందు మాయమవుతున్నాయో మీ కళ్లకే కనిపిస్తుంది, మీ ఐసోలేట్ ఫలితాన్ని పోల్చి చూసుకోవడానికి ఒక కొలమానమూ దొరుకుతుంది.